బావ నా ఆలోచన ఎత్తుకుపోయాడా?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది పలాస దగ్గర ఉద్దానంలో ఒక పల్లె. నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. నాలుగేళ్ళ కిందట సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు మా మేనమామ కొడుకుతో ఒక మాటన్నాను. ‘జీడిపిక్క తీసుకుని పండు తోటలోనే పారేస్తున్నాం కదా బావా, దాంతో జ్యూస్ చేసి సీసాల్లో పోసి అమ్మితే?’ అని. యూట్యూబ్‌లో ఏదో చూస్తుంటే తట్టింది. అప్పుడు బావ నవ్వేశాడు. కానీ ఆ వేసవిలోనే మొదలుపెట్టాడు. మొదటి ఏడు రసం పులిసిపోయింది. రెండో ఏడు సీసాల మూతలు ఎగిరిపోయాయి. ఊరంతా నవ్వారు, నేనూ నవ్వాను. మూడో ఏడు వేటకు పనికిరాని పాత వలలు కొని, పండు ఇసకలో పడకుండా చెట్ల కింద కట్టించాడు. సగ్గుబియ్యం గంజి వేసి వగరు తీయడం నేర్చుకున్నాడు. ఇప్పుడు షర్బత్ చేసి కాశీబుగ్గ దుకాణాలకు, పెళ్ళిళ్ళకు వేస్తున్నాడు. మొన్న పేపర్లో ఫొటోతో సహా ‘యువరైతు వినూత్న ఆలోచన’ అని వచ్చింది. నా ఊసే లేదు. అమ్మతో చెప్పుకుంటే ‘ఆలోసన్లకేటిరా, సింతసెట్టు కింద కూసున్నోలందరికీ వస్తాయి’ అంది. మామయ్యయితే నలుగురిలో ‘మాటలు కోటలు దాటతాయి, కాలు గడప దాటదు’ అన్నాడు. నా నోట్‌బుక్‌లో ఇలాంటివి నలభై దాకా ఉన్నాయి. కొబ్బరి దింపేవాళ్ళను బుక్ చేసుకునే యాప్, పుట్టగొడుగుల పెంపకం, ఇంకా చాలా. ఒక్కటీ మొదలుపెట్టలేదు. మంచి ఆలోచనకు విలువే లేదా? చేసినవాడిదేనా అంతా? బావను వాటా అడగొచ్చా? ఉద్యోగం మానేసి నేనూ ఏదో ఒకటి పెట్టేయనా?
- పేరు వద్దన్న పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: నాయనా, మా చిన్నవాడికంటే నువ్వు చిన్న. అందుకని ‘మీరు’ పక్కన పెట్టి ‘నువ్వు’ అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. బ్యాంకు ఉద్యోగంలో పలాస వైపూ రాజాం వైపూ పనిచేసినదాన్ని. రిటైరై విజయనగరం చేరాక ఈ ఉత్తరాల పని నెత్తినేసుకున్నాను. కాబట్టి నా మాటల్లో లెక్కల వాసన కాస్త ఎక్కువే ఉంటుంది.

వాటా సంగతి ముందు తేల్చేద్దాం. చట్టం దగ్గరకెళ్తే నీకు పైసా రాదు. ఉత్త ఆలోచన మీద ఎవరికీ కాపీరైటు ఉండదని, దాన్ని రాసిన తీరుకీ మలిచిన తీరుకీ మాత్రమే ఉంటుందని సుప్రీంకోర్టు 1978లోనే ఒక నాటకానికీ సినిమాకీ మధ్య తగాదాలో చెప్పేసింది. పోనీ పేటెంటు అందామా, 1970 నాటి పేటెంట్ల చట్టం ‘నాకిలా తట్టింది’ అంటే వినదు. అదెలా పనిచేస్తుంది, ఎలా చేయాలి, నీకు తెలిసిన వాటిలో మేలైన పద్ధతేది, అన్నీ పూసగుచ్చినట్టు రాసివ్వమంటుంది. నువ్వు బావతో అన్నది ఒక్క వాక్యం. అదీ ప్రశ్న గుర్తుతో ముగిసింది.

ఇంకో మాట చెప్పాలి, కొంచెం చేదుగా ఉంటుంది. అసలా ఆలోచన నీది కూడా కాదు. గోవాలో జీడిపండు రసం నుంచి ఫెనీ అనే సారా తీయడం తరతరాలుగా ఉంది, 2009లో దానికి జీఐ, అంటే ఆ ప్రాంతపు సరుకన్న గుర్తింపు కూడా వచ్చింది. కర్ణాటకలో పుత్తూరులో జీడిమామిడి పరిశోధన సంస్థ ఉంది. కేరళలో త్రిశూరు దగ్గర మడక్కతరలో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ కేంద్రం ఉంది. జీడిపండుతో సిరప్, జామ్, క్యాండీ ఎలా చేయాలో అక్కడ ఏళ్ళ తరబడి నేర్పుతున్నారు. అంత దూరం ఎందుకు, పలాసలో జీడి వ్యాపారం చేసేవాళ్ళలో ‘పండుతో ఏదో ఒకటి చెయ్యాలి మేడమ్, ఉత్తినే పోతంది’ అనని వాళ్ళు నాకు తగల్లేదు. లోను కాగితాల మీద సంతకాలు పెడుతూ పెడుతూ ఆ మాట అనేవారు. అంతమందికి తెలిసిన ఆలోచనే. అయినా వేసవి వచ్చిందంటే మన తోటల్లో పళ్ళు కుళ్ళుతూనే ఉన్నాయి, ఈగలు ముసురుతూనే ఉన్నాయి. ఎందుకని?

ఎందుకంటే జీడిపండు అంత మొండి పండు ఇంకోటి లేదు. ఇది నీకు నేను చెప్పాల్సిన పని లేదు, పుట్టి పెరిగినవాడివి. అయినా ఈ కాలమ్ చదివేవాళ్ళందరూ ఉద్దానం వాళ్ళు కాదు కదా, వాళ్ళ కోసం చెబుతాను. బరువు చూస్తే పండు పిక్కకు ఎన్నో రెట్లుంటుంది. సి విటమిన్ చూస్తే నారింజను మించి ఉంటుంది. కానీ రైతుకు డబ్బు వచ్చేది పిక్క మీద. పిక్క బాగా ముదరాలంటే పండు తనంతట తాను రాలేదాకా ఆగాలి. రాలిన పండు ఇసకలో పడి చితుకుతుంది. చితికిన పండు పొద్దున రాలితే సాయంత్రానికి పులుపు వాసన కొడుతుంది. అంటే పిక్కకు మంచిదైన పద్ధతే పండుకు చెడ్డది. పోనీ రాలకముందే కోద్దామంటే కూలి ఎవరిస్తారు? పిక్కలేరే కూలే గిట్టడం లేదని రైతు గోల. పైగా వగరు. గొంతు గీరుకుపోతుంది. ఇన్ని బాధలు పడి రసం తీస్తే సీజన్ ఎన్నాళ్ళు? మార్చి నుంచి మే దాకా. ఆ మూడు నెలలు పోతే షెడ్డుకు తాళమే.

‘జ్యూస్ చేసి అమ్మితే?’ అన్న నీ మాటలో ఈ గొడవల్లో ఒక్కటీ లేదు. లేకపోవడం తప్పని అనడం లేదు. మొదటి మాటలో ఎవరికైనా అవి ఉండవు. నీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన ముక్క ఆ వలల సంగతి. నువ్వది ఒక్క వాక్యంలో రాసి దాటిపోయావు. నేనక్కడే ఆగిపోయాను. పండు రాలేదాకా ఆగాలి, కానీ నేల తాకకూడదు. ఈ చిక్కుకు ఖరీదైన యంత్రాలు ఎవరైనా చెబుతారు. మీ బావ మాత్రం సముద్రం పక్కనే ఉన్న ఊరివాడు కాబట్టి, వేటకు పనికిరాని వల గట్టున పడి ఉండటం చిన్నప్పటి నుంచీ చూసినవాడు కాబట్టి, దాన్ని తీసుకొచ్చి కొమ్మ కింద కట్టాడు. ఇప్పుడు పండు వలలో పడుతుంది, పిక్కా ముదురుతుంది, పండూ చితకదు, కోత కూలీ తప్పుతుంది. చెప్పు, ఆ వలలు నీ నోట్‌బుక్‌లో ఉన్నాయా?

ఉండవు. విశాఖలో గదిలో కూర్చుంటే ఆ ఊహ రాదు. రెండేళ్ళు చేతులు కాల్చుకుని, మూడో ఏడు ఇసక పళ్ళు కడుగుతూ విసిగిపోయినవాడికి వస్తుంది. సగ్గుబియ్యం గంజీ అంతే. పండులో వగరుకు కారణమైన టానిన్లను ఆ గంజి పట్టుకుని అడుక్కి దిగుతుంది, పైన రసం తేటపడుతుంది. ఆ చిట్కా పరిశోధన కేంద్రాల వాళ్ళు చెప్పేదే. కానీ రసం తాగలేక ఉమ్మేసినవాడు కాబట్టి మీ బావ దాన్ని వెతుక్కుంటూ వెళ్ళాడు.

ఆలోచన గొప్పదా, ఆచరణ గొప్పదా అని నువ్వడిగిన ప్రశ్న నాకు కొంచెం పెడసరంగా తోస్తోంది. ఆలోచన అనేది ముందు ఒకసారి వచ్చి వెళ్ళిపోతుంది, తరవాత మిగిలేది ఒళ్ళు వంచడమే అన్నట్టు అడిగావు. మీ బావ కథలో ఎన్ని ఆలోచనలున్నాయో చూడు. వల ఒకటి, గంజి ఒకటి, జ్యూస్ మానేసి నిల్వ ఉండే షర్బత్‌కు మారడం ఇంకొకటి, దుకాణాలతో పాటు పెళ్ళిళ్ళకు వేయడం మరొకటి. ఇవన్నీ ఆలోచనలే. నీ మొదటి మాటకంటే ఖరీదైనవి. కాకపోతే అన్నీ పని మొదలయ్యాక పుట్టినవి.

పొందూరు వెళ్ళావా ఎప్పుడైనా? సన్నని ఖాదీకి పేరున్న ఊరు, మీకు దూరమేమీ కాదు. అక్కడ కొండపత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు. దాని మీద పళ్ళు సన్నగా, దువ్వెన పళ్ళలా వరసగా ఉంటాయి. ఆడవాళ్ళు కూర్చుని గింజను అంటిపెట్టుకున్న పత్తిని ఆ దవడతో దువ్వుతుంటే చెత్త రాలిపోయి పోగులు ఒక దారికి వస్తాయి. ఆ తరవాతే ఏకడం, వడకడం. అంత సన్నని నూలు రావడానికి అసలు మూలం అక్కడుంది. సన్నబట్ట నేద్దామన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. పత్తి దువ్వడానికి చేప దవడ తెద్దామని ఎవరికి వచ్చిందో, ఏ పూట వచ్చిందో మనకు తెలీదు. పేరు మిగల్లేదు. కానీ పత్తి చేతిలో పెట్టుకుని, చాలా వాటితో దువ్వి చూసి, కుదరక తిట్టుకున్న మనిషే అయ్యుంటుంది. పుస్తకంలో రాసుకున్న మనిషి కాదని మాత్రం ఖాయంగా చెప్పగలను.

ఇక పేపర్ సంగతి. ‘వినూత్న ఆలోచన’ అని వేశారని నీకు మండింది. నిజానికి వాళ్ళు మీ బావకు కూడా అన్యాయమే చేశారు. అతనిది కాని దానికి మెచ్చుకుని, అతనిదైన దాన్ని వదిలేశారు. ‘రెండేళ్ళు పాడుచేసి మూడో ఏడు నిలబెట్టాడు’ అని హెడ్డింగ్ పెడితే ఎవరు చదువుతారు? లోకం తీరే అంత. నోటితో ‘ఆలోచనదేముంది, చేయడంలోనే ఉంది’ అంటుంది. దండ వేసే వేళకి మాత్రం ‘ఎవరికి తట్టింది?’ అని వెతుకుతుంది.

పెన్సిలిన్ కథ చూడు. లండన్ ఆసుపత్రి ప్రయోగశాలలో బూజు చుట్టూ సూక్ష్మజీవులు చచ్చిపోవడం 1928లో ఫ్లెమింగ్ కంటపడింది. దాన్ని శుద్ధి చేసి మందుగా తీయడం ఆయనవల్ల కాలేదు, క్రమంగా పక్కన పెట్టేశాడు. పదేళ్ళ తరవాత ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చెయిన్ దాన్ని మళ్ళీ పట్టుకున్నారు. వాళ్ళతో హీట్లీ అనే ఆయన ఉండేవాడు. యుద్ధ సమయం, సామాన్లు దొరకవు. బూజు పెంచడానికి ఆసుపత్రిలో రోగుల మంచాల దగ్గర పెట్టే పాత్రలు కూడా వాడాడు. తరవాత వాటిని చూసే తనకు కావలసిన ఆకారంలో పింగాణీ పాత్రలు చేయించాడు. 1941 ఫిబ్రవరిలో చావుబతుకుల్లో ఉన్న ఒక పోలీసుకు మొదటిసారి ఆ మందు ఎక్కించారు. మందు చాలక అతని మూత్రంలోంచి పెన్సిలిన్‌ను మళ్ళీ తీసి మళ్ళీ ఎక్కించారు. కోలుకుంటున్నవాడు మందు అయిపోయి చనిపోయాడు. 1945లో నోబెల్ ఫ్లెమింగ్, ఫ్లోరీ, చెయిన్ ముగ్గురికీ వచ్చింది. హీట్లీకి రాలేదు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చేసరికి 1990 అయింది. ఫ్లెమింగ్ పేరు మన ఎనిమిదో తరగతి పిల్లాడు కూడా చెబుతాడు. హీట్లీ పేరు నువ్వు ఎప్పుడైనా విన్నావా? కాబట్టి చేసినవాడికే అంతా దక్కుతుందని అనుకోకు. దక్కనిది ఎక్కువగా వాళ్ళకే.

ఇంతదాకా చదివి నేను మీ మామయ్య పక్షం అనుకుంటున్నావేమో. కాదు. ‘కాలు గడప దాటదు’ అన్న ఆ సామెత, రెండో ఏడు మూతలు ఎగిరినప్పుడు తన కొడుకు మీద కూడా వాడే ఉంటాడు, కనుక్కో. ఆలోచనకు విలువ లేదనే మాట నేను చచ్చినా ఒప్పుకోను. బ్యాంకులో కూర్చుని చూశాను కదా. ఈము పక్షుల పెంపకం కాలం నీకు గుర్తుండదు, చిన్నవాడివి. 2012కు ముందు మన రాష్ట్రంలో, తమిళనాడులో దానిదే హడావిడి. కంచెలు చక్కగా వేశారు, మేత వేళకు పెట్టారు, గుడ్లు పొదిగే యంత్రాలు తెచ్చారు. పనిలో ఒక్క లోపం లేదు. లోపమంతా ఆలోచనలో ఉంది. ఆ మాంసం కొనేదెవరు, ఆ నూనె కొనేదెవరు అని అడిగితే సరైన జవాబు లేదు. పిల్లల జతలు కొనేది కొత్తగా ఫారం పెట్టేవాళ్ళే. కొత్తవాళ్ళు రావడం ఆగగానే అంతా కూలింది. అలాంటి ఫారాలు పెట్టినవాళ్ళు బద్ధకస్తులు కారు. మంచి కష్టజీవులు. తప్పుడు ఆలోచన దొరికితే కష్టజీవే ఎక్కువ మునుగుతాడు, బద్ధకస్తుడు బతికిపోతాడు. చింతచెట్టు కింద కూర్చున్నవాళ్ళందరికీ వచ్చేవి ఆలోచనలే, నిజమే. వాటిలో ఏది ఈము, ఏది జీడిపండు అని చెప్పగలగడం అందరికీ రాదు. పారేస్తున్న సరుకు, పక్కనే దొరుకుతోంది, కొనేవాడు ఎండలో దాహంతో ఉన్నాడు - ఈ మూడూ నీ మాటలో ఉన్నాయి. అది మంచి ఆలోచనే. అమ్మతో చెప్పు, నేనన్నానని.

సరే, బావతో ఏం చేయాలి?

వాటా అడక్కు. మాట అడుగు. ‘బావా, ఆ సంక్రాంతికి మనం అనుకున్నాం గుర్తుందా? ఈసారి ఎవరైనా రాయడానికొస్తే ఆ ముక్క కూడా చెప్పు’ అని నేరుగా, ఇద్దరే ఉన్నప్పుడు అను. అమ్మ చేత మామయ్యకు ఫోన్ చేయించి, మామయ్య చేత అతనికి చెప్పించే పద్ధతి వద్దు, అది ఇంకో తగాదాకు దారి. పెళ్ళి పందిట్లో అసలే వద్దు. అతనికి గుర్తుండకపోవచ్చు కూడా. మూడేళ్ళు ఆ షెడ్డులో ఒళ్ళు హూనం చేసుకున్నవాడికి మొదటి రోజు ఎవరేమన్నారో గుర్తుండదు. మరచిపోయాడని మనసులో పెట్టుకోకు. నీకు మాత్రం గుర్తుంది, ఎందుకంటే నీ దగ్గర మిగిలింది ఆ ఒక్క రోజే.

ఆ తరవాత, వచ్చే సీజన్‌కి వెళ్ళి అక్కడ నిలబడు. శుక్రవారం సాయంత్రం విశాఖలో రైలెక్కితే కొన్ని గంటల్లో పలాసలో దిగుతావు, ఆదివారం సాయంత్రం తిరిగి రావచ్చు. ఏం పని చేస్తావంటావా? నువ్వు అకౌంట్స్ మనిషివి. మీ బావకు ఒక సీసా మీద ఎంత ఖర్చవుతోందో తెలుసా, అడిగి చూడు. తెలీదని పందెం కాస్తాను. పండు, పంచదార, సీసా, మూత, లేబుల్ లెక్క చెబుతాడు. పాడైన వలల ఖర్చు చెప్పడు. పగిలిన సీసాలు చెప్పడు. భార్య, తల్లి పొద్దున నాలుగింటికి లేచి పళ్ళు కడుగుతున్నారే, ఆ కూలి అసలే కలపడు. దుకాణాల్లో ఎంత అరువు ఉండిపోయిందో ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకుని ఉంటాడు, ఆ చీటీ చొక్కాతో పాటు ఉతికేసి ఉంటారు. చిన్న యూనిట్లు సరుకు బాగోక మూతపడటం నేను తక్కువే చూశాను. అమ్మకాలు బాగానే ఉండి, డబ్బు చేతికి రాక మూతపడినవే ఎక్కువ. ఆ లెక్క నువ్వు రాసిపెట్టు. వేసవిలో చేసిన సరుకును ఏ నెలలో ఎంత అమ్మితే ఏడాదంతా డబ్బు తిరుగుతుందో చూడు. ఆహార లైసెన్సు, లేబుల్ మీద ఉండాల్సిన వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడు. పేపర్లో పడ్డాడు కాబట్టి ఇప్పుడు అధికారుల కన్ను కూడా అతని మీద ఉంటుంది, ఇది అతనికి తట్టకపోవచ్చు.

అక్కడుంటే నీ బుర్ర ఊరుకోదని నా నమ్మకం. నలభై ఆలోచనలు గదిలో కూర్చుని చేసినవాడివి, రసం తీసిన పిప్పి కుప్ప ఎదురుగా కనబడితే నలభై ఒకటోది రాకుండా ఉంటుందా? దాన్ని నోట్‌బుక్‌లో రాసుకోవద్దు. సోమవారం లోపు ఒక బకెట్ మీద చేసి చూడు. ఇలా ఒక సీజన్ గడిచాక, నీ వల్ల ఇంత మిగిలిందని కాగితం మీద కనబడ్డాక, అప్పుడు వాటా మాట ఎత్తు. అప్పుడది అడుక్కున్నట్టు ఉండదు. ఇద్దరూ ఒప్పుకుంటే స్టాంపు కాగితం మీద రాసుకోండి. బంధువులం కదా, కాగితాలెందుకు అంటారు. బంధువులు కాబట్టే కావాలి. అన్నదమ్ముల తగాదాల్లో స్తంభించిపోయిన ఖాతాలు ఎన్ని చూశానో నీకు చెబితే నిద్ర పట్టదు.

ఒకవేళ బావ వద్దంటే? అనవచ్చు. నలుగురితో పాటు నువ్వూ నవ్వావని రాశావు కదా. అది అతనికి గుర్తుండి ఉండొచ్చు. అప్పుడు బతిమాలకు, వచ్చేయి.

నోట్‌బుక్ సంగతికి వస్తాను. నలభైలో ముప్ఫై దాకా కొట్టేయవచ్చని నా అనుమానం, చూడకుండానే అంటున్నాను. పుట్టగొడుగుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మన ఎండల్లో గది చల్లగా ఉంచే ఖర్చు, తెంపిన పూటే అమ్ముడుపోవాల్సిన సరుకు, మళ్ళీ అదే జీడిపండు బాధ. చేసేవాళ్ళున్నారు, గెలిచినవాళ్ళూ ఉన్నారు, కానీ శని ఆదివారాల మనిషికి అది కుదిరే పని కాదు. కొబ్బరి దింపేవాళ్ళది మాత్రం నాకు నచ్చింది. తిత్లీ తుఫానుకు 2018లో మీ వైపు కొబ్బరి చెట్లు ఎన్ని కూలాయో అందరికీ తెలుసు. నిలిచిన చెట్లకు, తరవాత వేసిన మొక్కలకు కాయ దింపే మనిషి దొరక్క ఇళ్ళల్లో ముసలివాళ్ళు పడే అవస్థ నాకు ఉత్తరాల్లో తరచూ వస్తుంది. పిల్లలేమో హైదరాబాద్‌లో, బెంగుళూరులో. కాయలు ఎండి ఎవరి నెత్తిన పడతాయో అని టెన్షన్.

దీనికి యాప్ ఎందుకు చెప్పు? యాప్ అనగానే నీకు పది లక్షలు, ఒక సాఫ్ట్‌వేర్ స్నేహితుడు, ఒక లోగో గుర్తొస్తాయి. అక్కడే ఆగిపోతావు. మీ ఊరూ, పక్క ఊరూ తీసుకో. చెట్టెక్కేవాళ్ళు ఐదుగురి నంబర్లు రాసుకో. ఎవరు తాగి వస్తారు, ఎవరు మాట మీద నిలబడతారు అని ఊళ్ళో కనుక్కో. నీ నంబరు ఇరవై ఇళ్ళకు ఇవ్వు. ఎవరైనా ఫోన్ చేస్తే నువ్వు మనిషిని పంపు. రెండు నెలలు ఉచితంగా చేయి. ఎవరు పిలిచారు, మనిషి వెళ్ళాడా లేదా, చెట్టుకెంత ఇచ్చారు, రెండోసారి పిలిచారా, ఇవి రాయి. రెండోసారి పిలిచినవాళ్ళే నీకు కొండగుర్తు. మొదటిసారి ‘భలే ఐడియా బాబూ’ అన్నవాళ్ళను లెక్కలోకి తీసుకోకు, వాళ్ళు అందరితోనూ అలాగే అంటారు. చెట్టెక్కేవాడు జారి పడితే ఎవరు బాధ్యత అన్నది మాత్రం మొదటి ఫోన్ రాకముందే తేల్చుకో. ప్రమాద బీమా లేకుండా ఒక్క మనిషిని కూడా చెట్టెక్కించకు. ఇది నలభై ఆలోచనల నోట్‌బుక్‌లో రాసుకుని ఉండవు, అవునా?

ఇంకొకటి, నీ మంచి కోరి చెబుతున్నాను. ఈ పని మొదలుపెట్టేదాకా ఎవరికీ చెప్పకు. ఎవరో ఎత్తుకుపోతారని కాదు. నువ్వు చెప్పగానే నలుగురూ ‘ఓహో’ అంటారు. ఆ ఓహోతో నీ కడుపు నిండిపోతుంది. నీకున్న జబ్బు అదేనని నా అనుమానం. బావకు చెప్పినప్పుడు కూడా, చెప్పేశాక నీ మనసు తేలికపడి ఇంకోదాని మీదకు వెళ్ళిపోయి ఉంటుంది. అతను నవ్వకుండా ‘భలే’ అని ఉంటే అప్పుడే నువ్వు ఇంకా తొందరగా మరచిపోయేవాడివి.

ఉద్యోగం మానొద్దు. ఒకరి మీద కోపంతో రాజీనామా ఇచ్చి పెట్టిన వ్యాపారం, కోపం చల్లారిన నెలకు బరువెక్కుతుంది. పైగా ఇప్పుడు నీ జీతమే నీ పెట్టుబడి. రైలు టిక్కెట్లు, బకెట్లు, చెట్టెక్కేవాళ్ళ బీమా, అన్నీ దాంట్లోంచే. కొబ్బరి పనిలో నెలకు వచ్చే డబ్బు వరసగా ఆరు నెలలు నీ జీతంలో సగం దాటితే అప్పుడు మళ్ళీ నాకు రాయి. ఆ లెక్కల కాగితం కూడా జతచేసి పంపు, ఖర్చులు దాచకుండా.